మూడు అప్పులు, రెండు కథలు

తెనాలి దగ్గర ఒక ఊళ్లో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పే 38 ఏళ్ల టీచరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరంలోని సంగతి ఇది.

వారి భర్తకు టూవీలర్ మెకానిక్ షెడ్డు ఉంది. ఇద్దరూ పదేళ్లు కూడబెట్టి మూడు సెంట్ల స్థలం కొన్నారు. మాఘమాసంలో శంకుస్థాపన అనుకుని, డిసెంబరులో హౌసింగ్ లోను కోసం బ్యాంకుకు వెళ్లారు. మేనేజరు కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి చూపించారు. అప్పులు కట్టే తీరుకు సిబిల్ అనే కంపెనీ వేసే మార్కు, అదే సిబిల్ స్కోరు, 571. ఆమె పేరు మీద మూడు అప్పులు, మూడూ బకాయిలే. గుంటూరులో ఒక షాపులో ఫోను కొన్నందుకు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన 32,000 ఒకటి. రెండు లోన్ యాపుల్లో తీసుకున్నట్టు 18,000, 45,000. "నా జీతం 17,000 సార్. నేనడిగితే పక్కింటావిడే వెయ్యి రూపాయలు ఇవ్వదు, నన్ను చూడకుండా వీళ్లెలా ఇచ్చారు?" అని మేనేజరునే అడిగారట.

ఆమె అనుమానం ఆడపడుచు కొడుకు మీద. 22 ఏళ్ల కుర్రాడు. డిగ్రీ చివరి ఏడాది వీళ్లింట్లోనే ఉండి చదువుకున్నాడు. జూన్‌లో వెళ్లిపోయాడు, ఇప్పుడు విజయవాడలో కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్ తీసుకుంటున్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు ఫిబ్రవరిలో "అత్తా, నీ ఆధార్ మీద బిల్లు వేస్తే ఆఫర్ వస్తుందట" అని ఆమెను ఫోన్ల షాపుకు తీసుకెళ్లాడు. అక్కడ ఫొటో తీశారు. రెండు ఓటీపీలు వస్తే ఆమె చదివి చెప్పారు. వాడు నగదు కట్టి కొన్నాడనే అనుకున్నారు.

మూడు అప్పులూ వాడి పనేనని, పోలీసు కంప్లెయింట్ ఇవ్వాలని ఆమె పట్టుదల. "అక్క కొడుకు మీద కేసు పెట్టాక నేను అక్క గుమ్మం ఎలా తొక్కాలి? అంతా కలిపి లక్ష లోపే కదా, కట్టేసి నోరు మూసుకుందాం" అని భర్త. ఈలోగా రికవరీ వాళ్లు స్కూలు ఆఫీసు నంబరుకే ఫోన్ చేశారు. ప్రిన్సిపాల్ పిలిచి అడిగారు. ఆ రోజు ఎనిమిదో తరగతిలో పద్యం చదువుతూ మధ్యలో గొంతు పూడుకుపోయిందని రాశారు. కంప్లెయింట్ ఇవ్వాలా వద్దా, ఇస్తే కుర్రాడి ఉద్యోగం పోతుందా, ఇకముందు ఇలా జరగకుండా ఏం చేయాలి, ఇవీ వారి ప్రశ్నలు.

*

అమ్మా,

ముందు ఒక చిన్న మాట. ఉత్తరంతో పాటు మీ ఆధార్, పాన్ జిరాక్సులు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ కూడా నాకు పంపారు. నేను అడగలేదు, నాకు అక్కర్లేదు. వాటిని ముక్కలు చేసి పారేశాను. కోప్పడుతున్నానని అనుకోకండి. మనకందరికీ ఉన్న అలవాటే ఇది. ఎవరైనా కాస్త పెద్దమనిషిలా కనిపిస్తే చాలు, కాగితాలు చేతిలో పెట్టేస్తాం. ఈ అలవాటు దగ్గరికే మళ్లీ వస్తాను.

మీరు పంపిన వాటిలో నాకు పనికొచ్చింది సిబిల్ రిపోర్టు. దాన్ని రెండుసార్లు చదివాను. బ్యాంకులో చాలా ఏళ్లు లోన్ల సీట్లో కూర్చున్నవాణ్ని, అలవాటు పోలేదు. చాలామంది స్కోరు చూసి మూసేస్తారు. అసలు కథంతా లోపలి పేజీల్లో ఉంటుంది. ఏ అప్పు ఏ తేదీన తెరిచారో, ఏ నెల కట్టారో, ఏ నెల ఎగ్గొట్టారో, దానికి ఏ ఫోన్ నంబరు, ఏ అడ్రసు ఇచ్చారో అన్నీ అక్కడే.

ఫోను అప్పు చూడండి. ఫిబ్రవరిలో తెరిచారు. అడ్రసు మీ ఇల్లు, ఫోను మీ నంబరు. మార్చి నుంచి జూన్ దాకా నాలుగు కిస్తీలు తప్పకుండా కట్టారు. జూలై నుంచి ఆగిపోయింది. అంటే కుర్రాడు మీ ఇంట్లో అన్నం తింటున్నన్నాళ్లూ కట్టాడు, ఇల్లు వదలగానే మానేశాడు.

ఇప్పుడు యాపుల అప్పులు చూడండి. రెండూ అక్టోబరులో, ఒకదాని వెంట ఒకటి రెండు రోజుల్లో తెరిచారు. ఒక్క కిస్తీ కట్టలేదు. ఫోన్ నంబరు మీది కాదు. అడ్రసు మీ వాళ్లెవరూ ఎన్నడూ వెళ్లని వేరే రాష్ట్రంలోని ఊరు. రాత ఒకటి కాదమ్మా. మొదటిది ఇంటి పిల్లాడి తప్పులా ఉంది, మిగతా రెండూ రోజూ ఇదే పని చేసేవాళ్ల చేతివాటంలా ఉన్నాయి.

మీ నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. "సెప్టెంబరులో వడ్డీ తక్కువకు ఇప్పిస్తానని ఒక ఏజెంటు అంటే కాగితాలన్నీ వాట్సాప్‌లో పంపాం, తర్వాత అతను ఫోన్ ఎత్తడం మానేశాడు." మీరు దాటేసి వెళ్లిపోయారు, నేను అక్కడే ఆగిపోయాను. ఆధార్ రెండు వైపులా, పాన్, మూడు నెలల జీతం స్లిప్పులు, పాన్ కార్డు పట్టుకుని దిగిన సెల్ఫీ. యాపులో అప్పు తీసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? సెల్ఫీ ఎందుకన్నాడో మీరు అడగలేదు. "సిబిల్ చెక్ చేస్తాను, ఓటీపీ చెప్పండి" అని కూడా అతను అని ఉంటాడు, గుర్తు చేసుకోండి. మై ఆధార్ పోర్టల్‌లో మీ ఆధార్‌ను ఎవరు ఎప్పుడు వాడారో గత ఆరు నెలల చరిత్ర కనిపిస్తుంది, ఓటీపీతోనా వేలిముద్రతోనా అనేది కూడా. అక్టోబరు ఇంకా అందులో ఉండగానే తీసి ప్రింటు పెట్టుకోండి. ఇది ఈ వారంలోనే చేయాల్సిన పని, ఎందుకంటే రోజులు గడిచేకొద్దీ పాతవి రాలిపోతాయి.

యాపుల అప్పులు మీ మేనల్లుడివి కావని నేను రాసివ్వలేను. ఇక్కడ కూర్చుని తేల్చే విషయం కాదు. కానీ తేల్చే కాగితం ఒకటుంది. యాపులో ఇచ్చే అప్పు నేరుగా అప్పు తీసుకున్న మనిషి బ్యాంకు ఖాతాలోనే పడాలని 2022లో రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. మరి ఆ 18,000, 45,000 ఎవరి ఖాతాలో పడ్డాయి? ఆ రెండు కంపెనీల్లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టండి. దరఖాస్తు, కేవైసీ కాగితాలు, అందులోని ఫొటో, డబ్బు జమ అయిన ఖాతా వివరం ఇవ్వమని అడగండి. అది మీ ఖాతా కాదని తేలితే సగం కేసు గెలిచినట్టే, ఎందుకంటే తప్పు మీదవదు, వాళ్లదవుతుంది. అది ఎవరిదో పోలీసులు చూసుకుంటారు. ఫోను అప్పుకు ఈ వాదన పనికిరాదు, వస్తువు కొన్నప్పుడు డబ్బు షాపుకే వెళ్తుంది.

అందుకే మీ ఇద్దరి మాటా నాకు సగం సగమే నచ్చింది. మీరు మూడింటినీ కలిపి మోసం అంటున్నారు. మీ వారు మూడింటినీ కలిపి కట్టేద్దామంటున్నారు. విడదీయండి.

ఫోను అప్పు సంగతి. "ఇది నాది కాదు" అని రాసిచ్చారనుకోండి. కంపెనీ తన ఫైల్లోంచి ఒక ఫొటో తీసి పంపుతుంది. షాపులో కౌంటరు ముందు మీరు నిలబడి ఉంటారు, బహుశా కాస్త నవ్వుతూ కూడా. కింద రెండు ఓటీపీలు చెప్పిన టైము. మిమ్మల్ని మభ్యపెట్టి తీసుకెళ్లాడన్నది నిజమే, ఆ మాట చెప్పే హక్కు మీకుంది. కానీ "నాకేమీ తెలియదు" అనడం నిజం కాదు. ఆ ఒక్క మాట తేలిపోతే, నిజంగా మీకు సంబంధం లేని మిగతా రెండింటి విషయంలోనూ ఎవరూ నమ్మరు.

దీనికి మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, మిగిలిన మొత్తం కట్టేసి ఖాతా మూయించడం, ఆ డబ్బు కుర్రాడి చేత నెలనెలా కక్కించడం. పరువు, బంధుత్వం రెండూ కాస్త నిలుస్తాయి. ఆలస్యంగా కట్టిన గుర్తులు మాత్రం రిపోర్టులో ఉంటాయి, స్కోరు మెల్లగా లేస్తుంది. రెండోది, రికవరీ వాళ్లు ఆశపెట్టే సెటిల్‌మెంటు. "సగం కట్టండి మేడమ్, మాఫీ చేయిస్తాం" అంటారు. ఆ సగానికి ఆశపడితే రిపోర్టులో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది. ఆ మాట చూస్తే హౌసింగ్ లోను ఇచ్చే ఏ మేనేజరైనా పెన్ను కింద పెట్టేస్తాడు, అదీ ఏళ్ల తరబడి. నేనూ పెట్టేవాణ్ని. ఏ దారి పట్టినా, డబ్బు కట్టాక బాకీ లేదన్న కాగితం చేతికొచ్చే దాకా వదలకండి. మూడోది, మేనల్లుడు మోసం చేశాడని కంప్లెయింట్ ఇవ్వడం. అది మీ హక్కు. ఐటీ చట్టంలో 66సీ సెక్షన్ ఉంది, వేరొకరి గుర్తింపు వివరాలను మోసంతో వాడుకుంటే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇంటివాళ్లకు మినహాయింపేమీ లేదు. కానీ మీ విషయంలో మీరు షాపుకు వెళ్లారు, ఓటీపీ చెప్పారు కాబట్టి కేసు ఎంతవరకు నిలుస్తుందో వకీలును అడిగి దిగండి. కుర్రాడి ఉద్యోగం సంగతి అడిగారు. పోలీసు ఉద్యోగానికి ముందు నడవడిక విచారిస్తారు, కేసు ఉంటే చెప్పాలి, దాచితే అదో తప్పు. కాబట్టి అవును, దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ 32,000 రూపాయల ఫోనుకు సరిపోయే శిక్షా కాదా అన్నది మీరు తేల్చుకోవాల్సిన విషయం. నేను వేలు పెట్టను.

యాపుల అప్పుల సంగతి. ఇక్కడ మీ వారి సలహా నాకు అసలు నచ్చలేదు. కట్టేయడం సులువే. 63,000, దాని మీద వడ్డీ, పెనాల్టీలు. మాఘంలో ముహూర్తం ఉందనే తొందరలో కొందరు కట్టేస్తారు కూడా, వాళ్లను తప్పు పట్టను. కానీ కట్టిన క్షణం నుంచి ఆ అప్పు మీదే. రేపు "ఇది నేను తీసుకోలేదు" అంటే "మరి ఎందుకు కట్టారు?" అంటారు. ఎవరిదో ఫోన్ నంబరు, ఎక్కడిదో అడ్రసు మీ రిపోర్టులో అలాగే ఉండిపోతాయి. మీ కాగితాలు ఇంకా ఆ ఏజెంటు ఫోన్లోనే ఉన్నాయి. ఒకసారి పారిన కాలువలోకి మళ్లీ నీళ్లు రావని ఏముంది?

పోరాడితే ఏమవుతుందో కూడా చెబుతాను, ఇది మూడు నెలల చాకిరీ. ముందు సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో గానీ స్టేషన్‌కు వెళ్లి గానీ కంప్లెయింట్ ఇవ్వండి. సైబర్ మోసాలకు 1930 హెల్ప్‌లైన్ నంబరు ఉంది కానీ, అది ఖాతాలోంచి డబ్బు పోయిన గంటల్లో చేస్తేనే బాగా పనికొస్తుంది, మీది ఆ రకం కాదు. "మా పరిధి కాదు" అని స్టేషన్లో తిప్పి పంపబోతే, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలని మెల్లగా గుర్తు చేయండి. ఆ కంప్లెయింట్ నకలు జతచేసి ఇద్దరు అప్పిచ్చినవాళ్లకూ రాయండి, సిబిల్ సైటులో డిస్ప్యూట్, అంటే ఈ అప్పు నాది కాదన్న అభ్యంతరం, పెట్టండి. డిస్ప్యూట్‌కు పైసా ఖర్చు లేదు. మధ్యలో ఎవరైనా "స్కోరు బాగుచేస్తాం, ఐదు వేలు" అంటే అది మరో ఏజెంటు అని అర్థం చేసుకోండి.

ఒక్క సిబిల్‌తో అయిపోదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్ అని అప్పుల చరిత్ర రాసిపెట్టే కంపెనీలు ఇంకో మూడు ఉన్నాయి, వాటిలోనూ చూసుకోవాలి. ఈ కంపెనీలు తమంతట తాము ఏదీ చెరపవు, అప్పిచ్చినవాడు ఒప్పుకుంటేనే దిద్దుతాయి. అందుకే మొదటి జవాబు చాలాసార్లు "పరిశీలించాం, అప్పు సరైనదే" అని వస్తుంది. దాంతో నీరసపడి వదిలేసేవాళ్లే ఎక్కువ. వదలకండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. ఆ వాక్యం మీ మెయిల్లో రాస్తే అవతలివాళ్ల చేతులు కాస్త చురుగ్గా కదులుతాయి. అయినా కదలకపోతే, కంపెనీకి రాసిన 30 రోజుల తర్వాత ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు. శంకుస్థాపన మాఘం నుంచి వైశాఖానికి జరగొచ్చు. ఈలోగా మీ మేనేజరుకు కంప్లెయింట్ నకలు ఇచ్చి ఉంచండి. లోను ఇస్తాడని కాదు, మీ ఫైలు మీద "ఎగవేతదారు" అని మనసులో వేసుకున్న ముద్ర కాస్త చెరుగుతుంది.

కంప్లెయింట్ రాసేముందు మాత్రం ఒక పని చేయండి. విజయవాడ వెళ్లి కుర్రాణ్ని కలవండి. ఫోన్లో వద్దు, వాళ్లమ్మ ముందు వద్దు. మీ వారు కూడా ఉండాలి, కానీ మాట్లాడేది మీరు. రిపోర్టు వాడి ముందు పెట్టి "ఫోనుది నువ్వని నాకు తెలుసు. ఈ రెండూ నువ్వేనా?" అని అడగండి. ఏడుస్తాడు, అది లెక్కలోకి తీసుకోవద్దు. కాదంటే, "డబ్బు ఎవరి ఖాతాలో పడిందో పోలీసులు తీస్తారు, తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు" అని ఉన్నమాట చెప్పండి. బెదిరింపు కాదది, నిజంగానే ఉండదు. అవునంటే మీరు మళ్లీ మొదటికొచ్చి ఆలోచించుకోవాల్సిందే. కానీ ఒకటి, తెలిసీ "గుర్తుతెలియని వ్యక్తులు" అని మాత్రం రాయకండి. తెలిసినంత రాయండి, ఊహలు రాయకండి. ఏజెంటు నంబరు, వాట్సాప్ చాటింగు, తేదీలు చాలు. ఆ చాటింగు సిగ్గేసి డిలీట్ చేయలేదు కదా?

రికవరీ వాళ్ల సంగతి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులకో, స్నేహితులకో చెప్పి పరువు తీయకూడదు. ఇవి రిజర్వు బ్యాంకు రూల్సే. స్కూలుకు చేసిన కాల్ తేదీ, టైము, నంబరు రాసి పెట్టుకుని ఆ ఫిర్యాదునూ జతచేయండి. ఫోన్లో వాదించకండి. "ఈ ఖాతా వివాదంలో ఉంది, కంప్లెయింట్ నంబరు ఇది, ఏదైనా ఉంటే మెయిల్లో రాయండి" అని పెట్టేయండి. పదిసార్లు చేస్తే పదిసార్లూ అదే మాట. ప్రిన్సిపాల్‌కు మీరే ఆ కంప్లెయింట్ నకలు చూపించండి. దాచితేనే అది మీ తప్పులా కనిపిస్తుంది.

ఇక ముందుజాగ్రత్తలు. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైటులో మీ నంబరు ఇస్తే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది. ఈ సదుపాయాన్ని 2021లో మొదట మన ఆంధ్ర, తెలంగాణలకే తెచ్చారు. అయినా మనవాళ్లలో చూసుకున్నవాళ్లు తక్కువే. యాపుల అప్పులకు వాడిన నంబరు మీ పేరు మీదే తీసి ఉంటే అక్కడ కనిపిస్తుంది, "నాది కాదు" అని నొక్కండి. జీఎస్టీ సైటులో పాన్ నంబరుతో వెతికి, మీ పేరు మీద ఏదైనా దొంగ కంపెనీ ఉందేమో కూడా చూడండి.

మీ వేలిముద్రలను ఎవరూ వాడకుండా ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. మీరు స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు కాబట్టి ఇది మరీ చెబుతున్నాను. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌ల వ్యాపారి, ఆన్‌లైన్లో ఉన్న రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోంచి జనం వేలిముద్రలు తీసి, నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. లాక్ చేస్తే ఒక ఇబ్బంది ఉంది, రేషన్ దగ్గర వేలు పడదు. వెళ్లే ముందు ఫోన్లో కాసేపు అన్‌లాక్ చేసుకోవాలి. మీ అత్తగారు మిమ్మల్నే తిడతారు, భరించండి.

జిరాక్సు ఇవ్వక తప్పనప్పుడు ఆధార్ అంకెల్లో చివరి నాలుగే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. పాన్ జిరాక్సు మీద అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని, తేదీ వేసి రాయండి. పోయిన ఏడాది మా వీధి చివర బండి దగ్గర పునుగులు కట్టిన కాగితం విప్పితే, నూనె మరకల కింద ఒకాయన పాన్ కార్డు, పక్కన సంతకం. ఫొటోలో ఆయన చాలా బుద్ధిగా చూస్తున్నాడు. ఏ ఆఫీసు బీరువాలోంచి తూకానికి వెళ్లిందో. ఆ కాగితం మీద ఒక్క గీత ఉన్నా ఎవరికీ పనికొచ్చేది కాదు.

నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒక రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అన్నీ ఒకేసారి తీయకండి, మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాదంతా ఒక కన్ను వేసినట్టే. అయితే అది మీ సంగతి సర్దుకున్నాక. ఇప్పుడు మాత్రం నాలుగూ వెంటనే తీయండి.

మీ ఆడపడుచుకు చెప్పాలా అని చివర్లో, కొట్టేసి మళ్లీ రాశారు. కుర్రాడే చెప్పుకోవడానికి ఒక వారం గడువివ్వండి. ఆ వారంలో వాడు చెప్పాడా లేదా అన్నదాన్ని బట్టి ఫోను అప్పు విషయంలో మీరు ఏ దారి పట్టాలో మీకే తెలుస్తుంది.

డబ్బు పడిన ఖాతా వివరం వచ్చాక నాకు మళ్లీ రాయండి. నంబరు మొత్తం వద్దు, చివరి నాలుగంకెలు చాలు.